ఉద్దానపు నీటి చరిత్రము: శుద్ధియు స్వామ్యమును

సంస్కృత నిఘంటుకారులు నీటికి 'జీవనము' అనియు 'అమృతము' అనియు పేర్లు చెప్పిరి. ఆ నిఘంటువులలోనే 'విషము' అను శబ్దమునకు సైతము నీరు అను అర్థము కలదు. ఒకే వస్తువునకు ఇట్టి విరుద్ధనామము లేల కలిగెనో పండితులు పలువిధముల వివరింపవచ్చును. ఉద్దానమున నివసించువారికి మాత్రము ఆ వివరణముతో పని లేదు. కొబ్బరిచెట్ల నీడను తీయని నూతినీరు త్రాగి పెరిగిన తరములవారే, ఆ నూతిని అనుమానముతో చూచి, ధరపెట్టి డబ్బానీరు కొనుక్కొను కాలమును కూడ చూచిరి.

నీటిని గూర్చి మానవుడు అనాదిగా రెండు ప్రశ్నలు అడుగుచున్నాడు. ఈ నీరు మంచిదా? ఈ నీరు ఎవరిది? మొదటిది శుద్ధిని గూర్చినది. రెండవది స్వామ్యమును గూర్చినది. మొదటి ప్రశ్నను వైద్యులకును యంత్రజ్ఞులకును, రెండవదానిని పాలకులకును వర్తకులకును విడిచిపెట్టుట లోకాచారము. కాని ఈ రెండు ప్రశ్నలును ఒకే తాటికి కట్టిన రెండు చేదలవంటివని చరిత్ర చూపుచున్నది. పలాస, టెక్కలి, ఉద్దానపు తీరముల నీటి చరిత్రమును ఆ దృష్టితో పరిశీలించుట ఈ వ్యాసమునకు ప్రయోజనము.

పూర్వుల జలధర్మము

నీటిని శుద్ధిచేయు విద్య ఈ దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహితలో కలుషజలమును తేర్చుటకు కతకఫలము చెప్పబడినది. దానినే తెలుగువారు చిల్లగింజ యందురు. ఆ గింజను గరుకురాతిపై అరగదీసి బురదనీటిలో కలిపినచో మడ్డి అడుగునకు దిగి పైనీరు తేరును. క్రీస్తుశకము ఆరవ శతాబ్దమువాడగు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూగర్భజలమును కనుగొను విధానమునకు ఒక అధ్యాయమునే కేటాయించి, నూతినీరు చెడినప్పుడు కతకఫలము, తుంగముస్తలు, వట్టివేరు, ఉసిరిక మున్నగువాని చూర్ణమును వేయుమని విధించెను. చిల్లగింజ చేయు పనినే నేటి శుద్ధికేంద్రములలో పటిక చేయుచున్నది.

స్వామ్యమును గూర్చి కూడ పూర్వులకు స్పష్టమైన భావములు కలవు. తెలుగునాట తటాకనిర్మాణము సప్తసంతానములలో ఒకటిగా గణింపబడెను. కడప మండలమునందలి పోరుమామిళ్ల చెరువుశాసనము 1369 సంవత్సరము నాటిది. విజయనగర రాజకుమారుడు భాస్కరుడు వ్రాయించిన ఆ శాసనములో మంచి చెరువునకు ఉండవలసిన పండ్రెండు అంగములును, ఉండరాని ఆరు దోషములును చెప్పబడినవి. దినమునకు వేయిమంది కూలీలు రెండు సంవత్సరములు పనిచేసిరని లెక్క కూడ అందు చెక్కబడినది. చెరువు త్రవ్వించినవాడు పుణ్యముతోపాటు ఖర్చును కూడ శిలపై వ్రాయించెనని పాఠకులు గమనింపవలెను.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఇంకను సూక్ష్మముగా పోయినది. చేతితో ఎత్తి పోసికొను నీటికి పంటలో అయిదవవంతు, భుజములపై మోసిన నీటికి నాల్గవవంతు, యంత్రముచే కాలువగా పారించిన నీటికి మూడవవంతు రాజునకు చెల్లవలెనని అందు కలదు. క్రొత్తగా చెరువు కట్టినవానికి అయిదు సంవత్సరములు పన్ను మినహాయింపు. చెరువును గుత్తకుగాని, పాలునకుగాని, తాకట్టుగాగాని తీసికొని అనుభవించువాడు దానిని మరమ్మతు చేయుచుండవలెను. చేయనిచో కలిగిన నష్టమునకు రెట్టింపు చెల్లింపవలెను. అన్నిటికంటె ముఖ్యమైన నియమము మరియొకటి కలదు. చిరకాలముగా ధర్మార్థము సాగుచున్న జలాశయమును ఎవడైనను అమ్మినను, తాకట్టు పెట్టినను వాడు దండనార్హుడు. పాడుపడినదానికిని, విడిచిపెట్టబడినదానికిని మాత్రమే మినహాయింపు.

కౌటిల్యుడు నీటిపై ప్రైవేటు హక్కును పూర్తిగా నిషేధింపలేదు. స్వంతధనముతో కట్టినవాడు అమ్ముకొనవచ్చును, గుత్తకిచ్చుకొనవచ్చును. కాని అనుభవించు హక్కు వెంటనే కాపాడు బాధ్యతయు వచ్చును. ఊరుమ్మడి నీరు విక్రయవస్తువు కాదు. ఈ రెండు సూత్రములను పాఠకులు జ్ఞాపకముంచుకొందురుగాక.

నూతుల కాలము

ఉద్దానమను పేరు 'ఉద్యానవనము' అను మాటనుండి వచ్చినదని పెద్దలు చెప్పుదురు. ఇచ్ఛాపురము, కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలములలో వ్యాపించియున్న ఈ నేల కొబ్బరికి, జీడిమామిడికి, పనసకు పుట్టినిల్లు. పడమట మహేంద్రగిరి, తూర్పున బంగాళాఖాతము. ఆ కొండలనుండి మహేంద్రతనయ, ఉత్తరమున బాహుద, దక్షిణమున వంశధార. పూర్వము ఈ ప్రాంతము మద్రాసు రాజధానిలోని గంజాం జిల్లాకు చెందియుండెను. 1936 ఏప్రిల్ 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో చేరెను. 1950లో శ్రీకాకుళము ప్రత్యేక జిల్లా అయ్యెను.

ఈ తీరమున ఒక విశేషము కలదు. టెక్కలికి చేరువనున్న నౌపడా వద్ద ఉప్పుమడులు తెల్లగా మెరయుచుండును. అట్టి సముద్రతీరముననే, ఇసుకనేలలో కొలది లోతున, తీయని నీటి నూతులు కలవు. వాననీరు ఇసుకలోనికి ఇంకి, ఉప్పునీటికంటె తేలిక గనుక దానిపై తేలియాడును. సముద్రమట్టముపై ఒక అడుగు ఎత్తున మంచినీరు నిలిచినచో, క్రింద సుమారు నలుబది అడుగుల మేర ఉప్పునీటిని అణచియుంచునని పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపా శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. అనగా పైన ఒక అడుగు మంచినీటిని అధికముగా తోడివేసినచో, క్రిందినుండి నలుబది అడుగుల ఉప్పు పైకి వచ్చుటకు త్రోవ యేర్పడును. చేదతోను ఏతాముతోను తోడినంతకాలము ఈ ప్రమాదము స్వల్పము. ఆ పనిముట్లకు మితము స్వభావముననే కలదు. మనుష్యుని భుజము అలసినప్పుడు నుయ్యి విశ్రమించును.

నూతులతోపాటు గెడ్డలు, చెరువులు, సోంపేట చెంతనున్న బీల, టెక్కలి దిగువనున్న తంపర భూములు ఈ ప్రాంతపు జలనిధులు. ఆ పల్లపు నేలలు వానకాలపు నీటిని పట్టి నిలిపి, చుట్టుపట్ల పొలములకును, మత్స్యకారులకును ఆధారమగుచున్నవి. కాగితములపై పనికిమాలిన భూమిగా కనిపించినను, జనులకు అది ఉమ్మడి సొత్తు. బీలలో విద్యుత్కేంద్రము నిర్మింపబూనగా 2010 జులై 14వ తేదీన సోంపేట వద్ద జరిగిన ప్రతిఘటనలో పోలీసుకాల్పులకు ప్రాణములు బలి అయ్యెను. 2011 ఫిబ్రవరి 28వ తేదీన కాకరాపల్లి వద్ద అట్టి దుర్ఘటనయే మరల జరిగెను. నీరు ఎవరిదను ప్రశ్న ఈ జిల్లాలో పుస్తకములయందు మాత్రమే నిలిచినది కాదు.

నీటిని అమ్మిన మొదటి వడపోత

ఇచట కొంతసేపు దేశాంతరములకు పోవుట అవసరము. ఊరికంతకు నీటిని వడపోసి పంచు పద్ధతి ఐరోపాలో ఎట్లు పుట్టెనో తెలిసినగాని, నేటి పరిస్థితి బోధపడదు.

స్కాట్లండులోని పైస్లీ పట్టణమున జాన్ గిబ్ అను నతడు వస్త్రములను చలువచేయు కార్ఖానా నడుపుచుండెను. 1804లో తన కార్ఖానాకై ఇసుక, గులకరాళ్ల పొరలగుండ నీటిని వడకట్టు ఏర్పాటు చేసికొని, మిగిలిన నీటిని పట్టణవాసులకు గాలను ఇంతయని అమ్మెను. ఒక పట్టణమునకు అందిన వడపోతనీటిలో ఇదియే మొదటిదని చరిత్రకారులు చెప్పుదురు. శుద్ధియు విక్రయమును కవలపిల్లలుగా పుట్టినవని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

1829లో లండను నగరమున చెల్సీ వాటర్‌వర్క్స్ కంపెనీకై జేమ్స్ సింప్సను పెద్ద ఇసుకవడపోతను నిర్మించెను. ఆ నగరపు నీరంతయు అప్పుడు ప్రైవేటు కంపెనీల చేతిలోనుండెను. థేమ్స్ నదిలో మురుగు కలియుచున్నను పెక్కు కంపెనీలు ఆ నీటినే గొట్టములలోనికి ఎక్కించుచుండెను. 1852లో చట్టము వచ్చి, మురుగు చేరని ఎగువభాగమునుండియే నీటిని తీయవలెననియు, వడకట్టవలెననియు శాసించెను. లాంబెత్ కంపెనీ వెంటనే ఎగువకు మారెను. సౌత్‌వార్క్ వాక్స్‌హాల్ కంపెనీ తాత్సారము చేసెను. 1854లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అను వైద్యుడు ఇంటింటి లెక్క తీసెను. పదివేల ఇండ్లకు లాంబెత్ నీరు త్రాగినచోట 37 మరణములు. రెండవ కంపెనీ నీరు త్రాగినచోట 315. ఒకే వీథి, ఒకే గాలి, ఒకే ఆహారము. గొట్టము మాత్రమే వేరు. నీటి ద్వారా కలరా వ్యాపించునని నిరూపించినది సూక్ష్మదర్శిని కాదు, ఒక లెక్కల పట్టిక.

1892లో జర్మనీలోని హాంబర్గు నగరమున ఎనిమిదివేలమందికి పైగా కలరాతో మరణించిరి. ప్రక్కనే, నదికి దిగువన, అదే నీటిని త్రాగు ఆల్టోనా పట్టణము చాలవరకు తప్పించుకొనెను. హాంబర్గు నదీజలమును వడకట్టకయే పంచెను. ఆల్టోనా ఇసుకవడపోత నడిపెను. ఇసుకపై ఏర్పడు పలుచని జీవపదార్థపు పొర సూక్ష్మక్రిములను పట్టి తినివేయును. అందువలన అట్టి వడపోత నెమ్మదిగా నడువవలెను. తరువాత క్లోరిను వచ్చెను. 1908లో అమెరికాలోని జెర్సీ సిటీ నీటిలో నిత్యము క్లోరిను కలుపుట ప్రారంభించిరి. పంచాయతీ ట్యాంకులో బ్లీచింగు పౌడరు వేయు ఆచారము దాని సంతానమే.

లండను కథ ముగిసిన తీరు గమనార్హము. ఎనిమిది కంపెనీల ఆస్తులను కొనివేసి, 1904లో ప్రజాసంస్థయగు మెట్రోపాలిటన్ వాటర్ బోర్డు నగరపు నీటిని స్వాధీనము చేసికొనెను. నగరమెల్ల గొట్టములు వేసినది కంపెనీలేయనుట న్యాయము. ఆ గొట్టములు అందరికిని సమముగా మంచినీరు ఈయవలెనన్నప్పుడు కంపెనీలు చాలవని తేలుటయు సత్యము.

బోరు, వ్యాధి, డబ్బా

ఉద్దానమునకు తిరిగి వత్తము. స్వాతంత్ర్యానంతరము చేతిపంపులును, తరువాత విద్యుత్ మోటార్లతో బోరుబావులును వచ్చెను. నూతి ఒడ్డున చిలికిన మురికి లోనికి పోవు భయము తగ్గెను. కలరా వెనుకకు పోయెను. ఇది నిజమైన ఉపకారము. కాని నీరు భూమిపొరలలో ఎంత లోతున నుండిన, అంతగా రాతిలోని లవణములను కరగించుకొనును. కంటికి తేటగానున్న నీరు నిర్దోషమను పూర్వనమ్మకము ఇచట పనిచేయదు.

గత శతాబ్ది చివరి దశాబ్దము మొదలుకొని ఉద్దానమున మూత్రపిండముల వ్యాధి విస్తరించుచున్నట్లు వైద్యులు గుర్తించిరి. మధుమేహముగాని రక్తపోటుగాని లేనివారికి, తోటపనులు చేసికొను దృఢకాయులకు కూడ ఆ వ్యాధి వచ్చెను. విశాఖపట్నము వైద్యులు, భారత వైద్యపరిశోధన మండలి, విదేశ విద్యాసంస్థలు పలుమారులు పరిశీలించిరి. నీటిలోని సిలికా, భారలోహములు, పురుగుమందులు, ఎండలో పనిచేయునప్పుడు చాలినంత నీరు త్రాగకుండుట మున్నగునవి చర్చకు వచ్చినవి. ఏ ఒక్కటియు ఏకైక కారణమని శాస్త్రము నిర్ణయింపలేదు.

ఈ సందర్భమున నల్లగొండ జిల్లాతో పోల్చిచూచుట ఉపకరించును. అచట ఎముకలను వంచిన శత్రువు ఫ్లోరైడు అని నిశ్చయముగా తెలిసెను. నాగపూరులోని జాతీయ పర్యావరణ సంస్థవారు 1970 దశకములో పటిక, సున్నము, బ్లీచింగు పౌడరులతో ఫ్లోరైడును తొలగించు విధానమును కనిపెట్టి దానికి 'నల్లగొండ పద్ధతి' అని పేరిడిరి. శత్రువు పేరు తెలిసినచో ఆయుధమును ఎన్నుకొనవచ్చును. ఉద్దానమున శత్రువు పేరు తెలియదు. పేరు తెలియని దోషమునకు రెండే మార్గములు: నీటిలో కరగిన సమస్తమును తీసివేయు యంత్రమును పెట్టుట, లేదా నీటి మూలమునే మార్చుట. ఉద్దానము మొదట మొదటి మార్గమును, పిదప రెండవదానిని అనుసరించెను.

సమస్తమును తీసివేయు యంత్రము పేరు ఆర్.ఓ. దాని తత్త్వమును వంటయింటిలోనే చూడవచ్చును. మామిడిముక్కలపై ఉప్పు చల్లి ఊరవేసినచో, ముక్కలలోని నీరు వానియంత నవియే వెలికివచ్చి ఉప్పువైపు పోవును. పలుచని పొరకు ఇరుప్రక్కల నీరున్నప్పుడు, తక్కువ ఉప్పుగల వైపునుండి ఎక్కువ ఉప్పుగల వైపునకు నీరు నడచుట ప్రకృతి ధర్మము. ఉప్పునీటిపై మిక్కిలి ఒత్తిడి పెట్టినచో ఆ నడక తిరుగబడును. నీరు పొరను దాటి వచ్చును, లవణములు వెనుక నిలిచిపోవును. 1960 ప్రాంతమున అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున సిడ్నీ లోబ్ అను నతడును, భారతీయుడగు శ్రీనివాస సౌరిరాజనును ఇట్టి పని చేయగల పొరను సాధించిరి. 1965లో కోలింగా అను చిన్న పట్టణమున దానితో త్రాగునీటి కేంద్రము నెలకొల్పబడెను.

తెలుగు గ్రామములకు ఈ శతాబ్ది తొలి దశాబ్దమున శుద్ధజల కేంద్రములు వచ్చెను. గోదావరి మండలములలో బైర్రాజు ఫౌండేషను, కృష్ణా జిల్లా బొమ్మినంపాడున వాటర్‌హెల్త్ కంపెనీ తొలుత పని ప్రారంభించినవారిలో నుండిరి. బైర్రాజు ఫౌండేషను వెనుకనున్న సత్యం కంపెనీ 2009 జనవరిలో కూలగా ఫౌండేషను కార్యక్రమములు కుంచించుకొనిపోయెను. దాత సత్సంకల్పుడైనను, దాతపై మాత్రమే ఆధారపడిన నీరు దాత అదృష్టముతో హెచ్చుతగ్గు లగునని దీనివలన తెలియుచున్నది.

2014 అక్టోబరు 2వ తేదీన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఎన్.టి.ఆర్. సుజల పథకమును ప్రారంభించి, ఇరువది లీటర్ల శుద్ధజలమును రెండు రూపాయలకు ఈయదలచెను. ఉద్దానమునను ఆర్.ఓ. కేంద్రములు వెలసెను. వీటితోపాటు ప్రైవేటు యంత్రములును వచ్చెను. డబ్బాలు ఆటోలపై ఊరూర తిరిగెను.

ఇచట కొంచెము లెక్క చూడవలెను. ఇరువది లీటర్లు రెండు రూపాయలనగా వేయి లీటర్లు నూరు రూపాయలు. దినమునకు ఒక డబ్బా చాలు కుటుంబమునకు సంవత్సరమునకు 730 రూపాయలు. డబ్బా పది రూపాయలకు కొన్నచో వేయి లీటర్లు 500, సంవత్సరమునకు 3,650 రూపాయలు. ధనికునకు ఇది లెక్కలోనిది కాదు. జీడిపప్పు కార్ఖానాలో దినకూలి చేయు స్త్రీకి ఇది అనేక దినముల కూలి. అందుచే ఆమె త్రాగుటకు డబ్బానీరు, వంటకు బోరునీరు వాడును. చేతిలో డబ్బు లేనినాడు రెంటికిని బోరునీరే వాడును. శుద్ధి ధరతో ముడిపడినప్పుడు, ఆరోగ్యము సైతము నాణెములతో కొలువబడును.

ఆర్.ఓ. యంత్రమునకు మరికొన్ని స్వభావములు కలవు. అది తీసికొన్న నీటిలో చాలభాగమును ఉప్పుతో కూడిన వ్యర్థజలముగా విడిచిపెట్టును. మేలుచేయు ఖనిజములను కూడ తీసివేయును. పొర పాతబడినచో మార్చవలెను. మార్చనిచో ఆ నీరు పేరునకే శుద్ధజలము. విద్యుత్తు లేనిచో యంత్రము పనిచేయదు. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను ఈ తీరమును తాకి కొబ్బరి, జీడితోటలను నేలమట్టము చేసి, విద్యుత్ స్తంభములను కూల్చినప్పుడు, చేదనూతి విలువ మరల అందరికిని తెలిసివచ్చెను.

నది ఇంటికి వచ్చుట

రెండవ మార్గము మూలమును మార్చుట. 2019 సెప్టెంబరు 6వ తేదీన పలాసలో శంకుస్థాపన జరిగిన ఉద్దానపు మంచినీటి పథకము 700 కోట్ల రూపాయల వ్యయముతో నిర్మింపబడి, 2023 డిసెంబరు 14వ తేదీన ప్రారంభింపబడెను. ఆ దినముననే పలాసలో రెండువందల పడకల కిడ్నీ వైద్యశాలయు పరిశోధనకేంద్రమును ప్రారంభమయ్యెను. వంశధార నీటిని నిలువచేయు హిరమండలము జలాశయమునుండి నీటిని తోడి, మెళియాపుట్టి వద్ద శుద్ధిచేసి, ఏడు మండలములలోని 807 గ్రామములకు, 6 లక్షల 78 వేలమంది జనులకు గొట్టముల ద్వారా అందించుట దీని ఉద్దేశము.

ఈ అంకెలనుండి రెండు సంగతులు తేలుచున్నవి. 700 కోట్లను జనసంఖ్యచే భాగించినచో తలకు సుమారు 10,300 రూపాయలు. పది రూపాయల డబ్బా కొనుచు మూడేండ్లలో ఒక కుటుంబము వెచ్చించు సొమ్ము దీనికంటె ఎక్కువ. రెండవది, కేంద్రప్రభుత్వము 2019 ఆగస్టు 15న ప్రకటించిన జలజీవన పథకములో మనిషికి దినమునకు 55 లీటర్లు ప్రమాణము. ఆ లెక్కన ఈ జనులకు దినమునకు 3 కోట్ల 73 లక్షల లీటర్లు, సంవత్సరమునకు సుమారు అర టి.ఎం.సి. నీరు చాలును. వంశధార జలములు 115 టి.ఎం.సి.లుగా లెక్కింపబడి, ఒడిశా ఆంధ్రములకు చెరిసగముగా ఒప్పుకొనబడినవి, ఆంధ్రభాగము 57న్నర. అందులో ఉద్దానపు దాహము తీరుటకు కావలసినది నూటికి ఒక పాలైనను కాదు. చిరకాలము కొరతపడినది నది కాదని, నదికిని ఇంటికిని నడుమ గొట్టము వేయు సంకల్పమని ఈ లెక్క చెప్పుచున్నది.

నదీజలము వచ్చినంతమాత్రమున మూత్రపిండ వ్యాధి తొలగునని ఎవరును వాగ్దానము చేయజాలరు. కారణము నిర్ణయము కానిదే ఫలము నిర్ణయింపరాదు. అయినను అనుమానితమైన నీటిని విడిచి నమ్మదగిన నీటిని త్రాగుట వివేకము.

గొట్టమునకును ధర్మములు కలవు. నీరు నిరంతరము ఒత్తిడితో పారునప్పుడు బయటి మలినము లోనికి రాదు. గంటసేపు పారి దినమంతయు ఎండియున్నచో, బీటలగుండ చుట్టునున్న మురుగును గొట్టము పీల్చికొనును. అందువలననే కొళాయి చివర సైతము లీటరునకు 0.2 మిల్లీగ్రాముల క్లోరిను మిగిలియుండవలెనని భారతీయ ప్రమాణము నిర్దేశించెను. శుద్ధికేంద్రమున మంచిదైన నీరు ఇంటికి మంచిదిగా చేరుట గొట్టమును కాపాడువానిపై ఆధారపడును. ఆ కాపాడువాడు ఎవడు?

కంపెనీయా, సర్కారా?

ఈ ప్రశ్న లోకమంతటను వినబడుచున్నది. 1989లో ఇంగ్లండు, వేల్సులలోని పది ప్రాంతీయ జలసంస్థలను ప్రభుత్వము వాటాదారుల కంపెనీలకు అమ్మివేసెను. పొరుగున స్కాట్లండు ప్రభుత్వము చేతనే ఉంచుకొనెను. 1999లో బొలీవియా దేశములోని కోచబాంబా పట్టణపు నీటిని ఒక విదేశీయ కూటమికి అప్పగింపగా, హెచ్చిన ధరలకు జనులు వీథులకెక్కిరి. 2000 ఏప్రిల్‌లో ఒప్పందము రద్దయ్యెను. పారిస్ నగరము ఇరువదియైదేండ్లు కంపెనీల చేతిలోనున్న నీటిపంపకమును 2010 జనవరిలో నగరసంస్థకు తిరిగి తీసికొనెను. ఆ సంవత్సరముననే జులై 28వ తేదీన ఐక్యరాజ్యసమితి సురక్షితజలము మానవహక్కు అని తీర్మానించెను.

ప్రైవేటు యత్నము సర్వదా చెడ్డదనుట న్యాయము కాదు. పైస్లీలో మొదట వడకట్టినవాడు కార్ఖానాదారు. పంచాయతీ కొళాయిలో నమ్మదగిన నీరు రానప్పుడు, ఉద్దానపు పల్లెకు డబ్బా తెచ్చినవాడు చిన్నవర్తకుడు. సర్కారు చేతిలోనున్న ట్యాంకులు కడుగబడక నాచుపట్టుటయు అందరెరిగినదే. కాని నీటివ్యాపారమునకును తక్కిన వ్యాపారములకును రెండు భేదములు కలవు. బియ్యము నచ్చకున్నచో వేరొక అంగడికి పోవచ్చును. ఊరికి గొట్టము ఒక్కటియే గనుక వేరు అంగడి లేదు. బియ్యములో రాయి కంటికి కనబడును; నీటిలోని దోషము కొనువానికి కనబడదు. ఎదిరింపలేనివాడును, పరీక్షింపలేనివాడును అయిన కొనుగోలుదారునకు అంగడి ధర్మము రక్షణ ఈయదు. లెక్క అడుగు హక్కు మాత్రమే రక్షణ ఈయగలదు.

ఇచట కౌటిల్యుని సూత్రములు మరల అక్కరకు వచ్చుచున్నవి. గుత్తదారు ఉండవచ్చును, కాని కాపాడనిచో నష్టమునకు రెట్టింపు చెల్లింపవలెను. గుత్తయను మాటలో స్వామ్యము ఇమిడియుండరాదు. ఊరుమ్మడి నుయ్యిగాని, చెరువుగాని, నదీజలపు గొట్టముగాని ఊరుమ్మడిదిగనే నిలువవలెను. మరియు 'విడిచిపెట్టబడినదానికి' ఆయన ఇచ్చిన మినహాయింపులో గొప్ప హెచ్చరిక కలదు. ఉమ్మడి సొత్తును దొంగిలించువానికంటె ముందు, దానిని పాడుపెట్టువారే దానిని పోగొట్టుదురు. పూడికతీయని నుయ్యి, కడుగని ట్యాంకు, చెల్లింపని నీటిపన్ను: ఇవియే విక్రయమునకు తెరచిన వాకిళ్లు.

గ్రామము చేయదగినది

1992 నాటి డెబ్బదిమూడవ రాజ్యాంగ సవరణ త్రాగునీటిని పంచాయతీల విషయములలో చేర్చెను. జలజీవన పథకమున ప్రతి గ్రామమునను అయిదుగురు స్త్రీలకు నీటిపరీక్ష నేర్పు ఏర్పాటు కలదు. అధికారము కాగితముపై గ్రామమునకు వచ్చియేయున్నది. దానిని గ్రామము ఉపయోగించుకొనవలెను.

చేయదగిన పనులు గొప్పవి కావు. పాతనూతులను పూడ్చివేయక, శుభ్రపరచి, తుపాను దినములకై నిలుపుకొనుట. ఆర్.ఓ. నడపువాడు సర్కారువాడైనను ప్రైవేటువాడైనను, పొర మార్చిన తేదీని వాకిట వ్రాయుమని కోరుట. మాసమునకొకమారు కొళాయి చివర క్లోరిను పరీక్షించుట. వచ్చిన నీరెంత, వసూలైన పన్నెంత, మరమ్మతు ఖర్చెంత అను మూడు అంకెలను గ్రామసభలో చదువుట.

ఈ కాగితములను ఎచట ఉంచవలెనను సందేహమునకు గ్రంథాలయముకంటె తగిన తావు లేదు. గ్రంథాలయము కంపెనీ కాదు, కచ్చేరియు కాదు. చందాదారుల కాసులతో నిలిచి, ఏటేట జమాఖర్చులను సభలో చదివి, చేతికందిన గ్రంథమును చిరుగకుండ తరువాతివానికి అప్పగించు ఉమ్మడి వ్యవస్థ. పుస్తకము చదివినవారు పెరిగినకొలది తరుగదు; నీరు తరుగును. కావున పుస్తకమును కాపాడుటలో చూపిన శ్రద్ధకు రెట్టింపు శ్రద్ధ నీటి విషయమున కావలెను. పురాణములును పత్రికలును ఉంచు బల్లమీద, ఆ మాసపు నీటిపరీక్షాపత్రమును ఒక మేకునకు తగిలించియుంచినచో, అక్షరము వచ్చినవాడు రానివానికి చదివి వినిపించును. లండనులో జాన్ స్నో తీసిన లెక్క ఏ విధమున కలరాను జయించెనో, ఉద్దానపు పల్లెలో వ్రాసిన చిన్నలెక్క కూడ ఆ విధముననే ఈ తీరపు నీటికి 'విషము' అను పేరు తప్పించి 'జీవనము' అను పేరును నిలుపగలదు.